సముద్రం గురించి చదివి, రాస్తానంటున్న అమ్మాయికి దారేంటి?

శ్రీకాళహస్తి నుంచి ఒక తల్లి అడిగారు: "మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ వద్దంటోంది. మెరైన్ ఎకాలజీ (సముద్ర జీవులు, వాటి పరిసరాల శాస్త్రం) చదివి, సముద్రం ఎలా పాడైపోతోందో జనానికి అర్థమయ్యేలా రాస్తుందట. దీనికి జీతం ఎవరిస్తారండీ? వాళ్ల నాన్నకు ఒకటే టెన్షన్."

అమ్మా, జీతం సంగతే ముందు చెప్తాను. రాతల మీదే బతకడం కష్టం. జీతం పరిశోధన మీద వస్తుంది, రాయడం దాంతోపాటు సాగుతుంది. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తూనే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. తర్వాత ఉద్యోగాలు ఇచ్చేవి గోవాలోని జాతీయ సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ, కొచ్చిలోని సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ (రెండింటికీ విశాఖలో కేంద్రాలున్నాయి), హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఇంకా యూనివర్సిటీలు. కాకపోతే పర్మనెంట్ పోస్టులు తక్కువ, కొన్నేళ్లు ప్రాజెక్టుల మీదే నెట్టుకురావాల్సి రావచ్చు, ఆ ఓపిక పాపకే కాదు మీ ఇద్దరికీ ఉండాలి.

చదువుకు దూరం పోనక్కర్లేదు. మీ పక్కనే ఏర్పేడులో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) ఉంది. లేదంటే తిరుపతిలోనే జువాలజీతో బీఎస్సీ చేసి, మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీకి నెల్లూరు విక్రమ సింహపురికో, తమిళనాడులో అన్నామలై యూనివర్సిటీ వాళ్ల పరంగిపేట్టై కేంద్రానికో వెళ్లొచ్చు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) మంచి కోర్సే, కానీ అది ఎక్కువగా చేపలు, రొయ్యల పెంపకం వైపు. పాప అడుగుతున్నది అది కాదు.

ఇక రాయడం. అది పీహెచ్‌డీ అయ్యాక మొదలుపెట్టే పని కాదు, ఇప్పుడే చేయాలి. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకే వచ్చాయి, అంటే పులికాట్ సరస్సు మనదే. ఒక ఆదివారం తీసుకెళ్లండి, ఫ్లెమింగోల ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా అక్కడి జాలరులతో కూర్చోబెట్టండి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు లోపలికి రాదు, దాంతోపాటు రావాల్సిన రొయ్య పిల్లలు, చేప పిల్లలు రావు, వల ఖాళీగా లేస్తుంది. ఈ సంగతి వాళ్లు చెప్పినట్టు ఏ టెక్స్ట్‌బుక్కూ చెప్పదు. రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టే చిన్న గొట్టం ఉంటుంది, అద్దం మీద ఒక్క నీటి చుక్క వేసి మూత దించి వెలుతురుకు పెట్టి చూస్తే, నీలం తెలుపు కలిసే గీత దగ్గర ఉప్పు ఎంతో కనిపిస్తుంది. సముద్రపు నీటికి దాదాపు 35 (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) చూపిస్తుంది, సరస్సులో వానలకు తగ్గుతుంది. జాలరి మాట, ఆ గీత, రెండూ కలిపి తెలుగులో ఒక పేజీ రాయమనండి. ఈ రెండూ చేతనైనవాళ్లు తెలుగులో చాలా తక్కువ, మీ పాపలాంటి వాళ్లు కావాలి.

నీట్ బలవంతంగా రాయించొద్దు. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నల్లో 15 మ్యాథ్స్, బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఎలాగూ చదువుతోంది కాబట్టి మిగిలిన నెలల్లో ఆ మ్యాథ్స్‌కు ఒక మంచి మాస్టారిని చూడండి.