ఇంట్లో కూర్చుని ఆకాశం చూడటానికి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ మంచిది? నా అనుభవం

ప్రశ్న: "మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నక్షత్రాలు, గ్రహాలంటే ప్రాణం. టెలిస్కోప్ కొనమని గొడవ. దానికంటే ముందు ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆకాశం చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టిద్దామనుకుంటున్నా. నిజంగా పనికొస్తుందా, లేక రెండు రోజులు ఆడుకుని వదిలేసేదేనా?"

పనికొస్తుందండి. పేరు ముందే చెప్పేస్తాను: స్టెల్లేరియం. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబియన్ షెరో 2000లో మొదలుపెట్టారు. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంచారు, కాబట్టి కంప్యూటర్‌కు పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసిన వెంటనే ఆరు లక్షలకు పైగా నక్షత్రాలు అందులో ఉంటాయి. ఇంకా కావాలంటే అదనపు జాబితాలు దింపుకోవచ్చు, కానీ మీకు ఆ అవసరం రాదు. మా మేనకోడలికి పెట్టిచ్చింది ఇదే. ఆ పిల్ల ఇప్పటికీ వాడుతోంది.

రెండు రోజుల ముచ్చట అవుతుందా అన్నారు కదా. చాలామంది విషయంలో అదే అవుతుంది. ఇన్‌స్టాల్ చేస్తారు, శనిగ్రహాన్ని జూమ్ చేసి వలయాలు చూస్తారు, "అబ్బ, భలే ఉందే" అంటారు, మూసేస్తారు. ఎందుకంటే మొదటిసారి తెరిచినప్పుడు కనిపించేది మన ఆకాశం కాదు. కింద కనిపించే పచ్చిక, చెట్లు ఫ్రాన్స్‌లోని గెరాన్ అనే పల్లెటూరివి. ఊరి పేరేమో ఇంటర్నెట్ కనెక్షన్‌ని బట్టి తనే ఊహించుకుంటుంది. మనం ఖమ్మంలో ఉంటే నెట్ కంపెనీ సర్వర్ ఉన్న ఏ మహానగరమో పడుతుంది. పైగా నగరం వెలుగు లెక్కలో లేకపోతే పాలపుంత ధగధగలాడుతూ ఉంటుంది. పిల్ల డాబా ఎక్కి చూస్తే అందులో పదో వంతు కూడా కనబడదు. ఇక నమ్మకం ఎక్కడుంటుంది?

అందుకే మొదట కూర్చుని దాన్ని మీ డాబా మీది ఆకాశంగా మార్చండి. ఎఫ్6 నొక్కితే ఊరు ఎంచుకునే కిటికీ వస్తుంది. అందులో నెట్‌వర్క్ నుంచి తీసుకునే టిక్కు తీసేసి, మీ ఊరి పేరు వెతికి పెట్టుకోండి. చిన్న ఊరైతే జాబితాలో ఉండకపోవచ్చు, అప్పుడు అక్షాంశం, రేఖాంశం కొట్టేయొచ్చు. దాన్నే డిఫాల్ట్‌గా ఉంచమనే టిక్కు కూడా పెట్టండి, లేకపోతే మళ్ళీ తెరిచినప్పుడు మొదటికొస్తుంది. టైమ్ జోన్ కూడా ఒకసారి చూసుకోండి. తర్వాత ఎఫ్4. అందులో కాంతి కాలుష్యం అని ఒక స్కేల్ ఉంటుంది, 1 నుంచి 9 దాకా. దీన్ని బోర్టిల్ స్కేల్ అంటారు. హైదరాబాద్ మధ్యలో ఉండేవాళ్ళు 8 లేదా 9 పెట్టుకోవాలి. పెట్టగానే స్క్రీన్ మీద చుక్కలన్నీ మాయమై వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగులుతాయి. బాధపడకండి, అదే నిజం. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు 3కో 4కో మార్చి చూపించండి, అక్కడ ఎన్ని కనబడతాయో పిల్ల ముందే చూసుకుంటుంది.

మా మేనకోడలు ఇంకో అడుగు ముందుకేసింది. ఫోన్‌తో డాబా మీద చుట్టూ తిరుగుతూ పనోరమా ఫోటో తీసి, ఆకాశం ఉన్న భాగాన్ని చెరిపేసి, పీఎన్‌జీ రకం బొమ్మగా సేవ్ చేసి, స్టెల్లేరియంలో నేలగా పెట్టింది. దానికి చిన్న టెక్స్ట్ ఫైలొకటి రాసి జిప్ చేయాలి, వాళ్ళ యూజర్ గైడ్‌లో ఎలాగో ఉంటుంది. ఇప్పుడు ఆ పిల్ల స్క్రీన్ మీద పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు, కేబుల్ తీగలు, సెల్ టవర్ అన్నీ ఉన్నాయి. "మామయ్యా, గురుడు ఏడున్నరకి ట్యాంకు వెనక నుంచి బయటికొస్తాడు" అని ఫోన్ చేసి చెబుతుంది. ఫోటో ఉత్తరానికి సరిగ్గా తిప్పి పెడితే చాలు, దాదాపు చెప్పిన టైముకే వస్తాడు.

మీ ఊరు పెట్టుకోవడం ఎందుకింత ముఖ్యమంటే, ఇంగ్లీషు పుస్తకాలూ వీడియోలూ ఎక్కువగా యూరప్, అమెరికా ఆకాశాన్ని చూపిస్తాయి. లండన్‌లో ధ్రువ నక్షత్రం ఆకాశంలో సగం కంటే పైన, 51 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్‌లో 17 డిగ్రీలే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు, అంటే ఉత్తరాన నేల మీంచి రెండు పిడికిళ్ళు కూడా ఉండదు. మధ్యలో అపార్ట్‌మెంట్ ఉంటే అంతే సంగతి. కానీ దక్షిణం వైపు మనకు కలిసొచ్చింది. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణానికి తిరిగితే, బాగా మెరిసే సిరియస్‌కు చాలా కింద ఇంకో ప్రకాశవంతమైన నక్షత్రం కనబడుతుంది. అదే అగస్త్యుడు, ఇంగ్లీషులో కానోపస్. మనకు సుమారు 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, లండన్‌వాళ్ళకు అసలు ఉదయించనే ఉదయించదు. మే నెల మొదటి సగంలో అదే సమయానికి దక్షిణాన బాగా కిందికి సదరన్ క్రాస్ నాలుగు చుక్కలూ నిలబడి ఉంటాయి. దుమ్ము లేని రోజు, అడ్డం లేని చోటు కావాలి. ఏ రోజు, ఏ టైముకి, ఎంత ఎత్తులో అన్నది స్టెల్లేరియంలో నక్షత్రం మీద క్లిక్ చేస్తే ఎడమవైపు పైన రాసి ఉంటుంది.

ఇక మీ ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, దాన్ని కూడా వాడండి. ఈ రోజు నక్షత్రం రోహిణి అని ఉందనుకోండి. స్టెల్లేరియంలో చంద్రుణ్ణి వెతికి (ఎఫ్3) చూడండి, దగ్గర్లోనే ఎర్రగా అల్డెబరాన్ ఉంటుంది. అదే రోహిణి. చిత్త అంటే స్పైకా, స్వాతి అంటే ఆర్క్‌ట్యూరస్, మఖ అంటే రెగ్యులస్, జ్యేష్ఠ అంటే అంటారెస్, ఆర్ద్ర అంటే బీటెల్‌జ్యూస్. పంచాంగంలో ఒక్కో నక్షత్రం అంటే 13 డిగ్రీల 20 నిమిషాల ముక్క, కాబట్టి చంద్రుడు సరిగ్గా ఆ చుక్క పక్కనే ఉండాలని లేదు. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు, స్వాతి లాంటి వాటికైతే ఇంకా దూరంగానే ఉంటాడు. కార్తీక పౌర్ణమి తేదీ పెట్టి చూస్తే చంద్రుడి దగ్గర్లో కృత్తికల గుంపు కనిపిస్తుంది. బయట నిండు వెన్నెల్లో ఆ గుంపును పట్టుకోవడం కష్టం, సాఫ్ట్‌వేర్ ఉపయోగపడేది ఇలాంటి చోటే. ఎఫ్4లోనే ఒక్కో దేశపు నక్షత్ర సంప్రదాయాన్ని ఎంచుకునే ట్యాబ్ ఉంది, అందులో భారతీయ పద్ధతి కూడా పెట్టారు.

ఒక చిక్కు ప్రశ్న మాత్రం మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. సంక్రాంతి రోజు సూర్యుడి మీద క్లిక్ చేస్తే మకరం అని రాదు, ధనుస్సు అని వస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పూ కాదు, పంచాంగం తప్పూ కాదు. పంచాంగంలో పన్నెండు రాశులూ సమానంగా 30 డిగ్రీల చొప్పున ఉంటాయి. స్టెల్లేరియం చూపించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం 1930లో ఖరారు చేసిన సరిహద్దులు. అవి చిన్నా పెద్దా అన్ని సైజుల్లో ఉంటాయి. వాటి ప్రకారం సూర్యుడు మకరంలోకి వెళ్ళేది జనవరి 19, 20 ప్రాంతంలో. మా ఇంట్లో దీని మీద మా అమ్మకూ మనవరాలికీ పెద్ద వాదనే జరిగింది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

టైముతో ఆడుకోవడమే నాకు అన్నిటికంటే ఇష్టం. ఎల్ నొక్కితే కాలం వేగంగా పరుగెడుతుంది, జె నొక్కితే తగ్గుతుంది, ఇంకా నొక్కితే వెనక్కి నడుస్తుంది. కె మామూలు వేగం. ఎక్కడో తప్పిపోతే 8 నొక్కండి, ప్రస్తుత సమయానికి వచ్చేస్తుంది. 2027 ఫిబ్రవరిలో కుజుడు మఖ నక్షత్రం దగ్గర, మన ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురువైపుకు వస్తాడు. గ్రహాలు వక్రిస్తాయంటారు కదా, అదేమిటో చూడటానికి ఇది మంచి అవకాశం. జి నొక్కి నేల, ఎ నొక్కి వాతావరణం తీసేయండి. ఆకాశం ఒరిగిపోకుండా ఉండటానికి కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కండి, మఖను ఎంచుకుని స్పేస్ బార్ కొట్టండి. తేదీ 2026 డిసెంబర్ పెట్టి, సమానం గుర్తున్న కీ నొక్కుతూ వెళ్ళండి. ఒక్కో నొక్కుకి ఒక్కో రోజు. కుజుడు ముందుకు పోతూ పోతూ జనవరిలో ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఏప్రిల్ మొదట్లో ముందుకు నడుస్తాడు. బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా ఎక్కనిది ఇలా ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది.

ఇంకోటి, పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సింది. 1980 ఫిబ్రవరి 16, ఊరు నల్గొండ, మధ్యాహ్నం మూడున్నర నుంచి మెల్లగా జరపండి. అప్పటి సంపూర్ణ సూర్యగ్రహణం దారి రాయచూర్ మీదుగా వచ్చి నల్గొండ, ఖమ్మం వైపు సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలోనే ఉంది. వాతావరణం ఆన్‌లో ఉంచితే మూడూ నలభై దాటాక స్క్రీన్ మొత్తం చీకటి పడుతుంది, సూర్యుడికి బాగా పైన శుక్రుడు బయటపడతాడు. మా నాన్న ఆ రోజు తలుపులు, కిటికీలు వేసుకుని లోపల కూర్చున్నారట. ఇన్నేళ్ళకు ల్యాప్‌టాప్‌లో చూసి, "ఇదా మేము చూడకుండా పోగొట్టుకుంది" అన్నారు. మళ్ళీ పెట్టమని కూడా అడిగారు.

మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతి క్లుప్తంగా. సెలెస్టియా కూడా ఉచితమే, 2001 నుంచి ఉంది. స్టెల్లేరియం భూమ్మీద నిలబడి చూపిస్తే ఇది అంతరిక్షంలోకి తీసుకెళ్తుంది. ఓరియన్ నక్షత్ర మండలాన్ని పక్క నుంచి వెళ్ళి చూస్తే ఆ ఆకారమంతా చెదిరిపోతుంది. ఆ చుక్కలు ఒకే దూరంలో లేవని అప్పుడు తెలుస్తుంది. కార్త్ దు స్యెల్ అని ఇంకోటి ఉంది, చూడటానికి పాతకాలపు ముఖం, కానీ కాగితం మీద మ్యాప్ ప్రింట్ తీసుకోవడానికి బాగుంటుంది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం ప్రాజెక్టు పేరూ దాదాపు ఇదే. ఆ ప్రాజెక్టులో హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాల కూడా పాలుపంచుకుని, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి ఇచ్చింది. ఫోటో ప్లేట్ల మీద, చేత్తో. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో చూడాలంటే హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్ చాలు. స్టెల్లేరియంలోనూ ఉపగ్రహాల ప్లగిన్ (అదనంగా జోడించుకునే భాగం) ఉంది, అయితే ఇంటర్నెట్ పెట్టి అప్‌డేట్ చేయకపోతే టైములు తప్పుతాయి.

ఫోన్ యాప్‌లు చేతిలో ఉంటే హాయే కానీ దిక్కుల విషయంలో ఫోన్‌ని మరీ నమ్మొద్దు. ఇనుప రెయిలింగ్ పక్కన, ట్యాంకు స్టాండ్ పక్కన నిలబడితే కంపాస్ తప్పుతుంది. డాబా మీదకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే కంట్రోల్, ఎన్ కలిపి నొక్కండి, స్క్రీన్ ఎర్రగా మారుతుంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల స్క్రీన్ చాలు అదంతా పోవడానికి.

టెలిస్కోప్ విషయం: ఇప్పుడే కొనకండి. స్టెల్లేరియంలో ఆక్యులర్స్ అనే ప్లగిన్ ఉంది. మీరు కొనాలనుకున్న టెలిస్కోప్, ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) కొలతలు అందులో ఇస్తే శని ఎంత సైజులో కనబడతాడో, చంద్రుడు ఎంతవరకు పడతాడో చూపిస్తుంది. అట్టపెట్టె మీద రంగురంగుల గెలాక్సీ బొమ్మలు చూసి పిల్లలు పెట్టుకునే ఆశలకీ, నిజంగా కనబడే బూడిదరంగు మసకకీ మధ్య తేడా చాలా ఉంటుంది. ఆ డబ్బులో చిన్న భాగంతో 10x50 (పది రెట్లు పెద్దగా చూపించే, 50 మిల్లీమీటర్ల లెన్సులున్న) బైనాక్యులర్స్ వస్తాయి. చేతులు కదలకుండా గోడకు ఆనించి చూస్తే గురుడి నాలుగు చందమామలు కూడా దొరుకుతాయి. ఒక చలికాలం, ఒక ఎండాకాలం అలా గడిచాక కూడా టెలిస్కోప్ కావాలంటే అప్పుడు నిశ్చింతగా కొనండి. వానాకాలం లెక్కలోకి రాదు, స్టెల్లేరియంలో మబ్బులుండవు గానీ మనకుంటాయి.

చివరగా మీ పాత ల్యాప్‌టాప్ గురించి. స్టెల్లేరియం సొంత సైట్ నుంచే దింపండి, "ఫుల్ వెర్షన్" అని డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు. విండోస్ 10 కంటే పాతదైతే దానికి సరిపడే వేరే ఫైల్ డౌన్‌లోడ్ పేజీలోనే ఉంటుంది. తెరవగానే నల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోతే గ్రాఫిక్స్ చాలడం లేదని అర్థం. స్టార్ట్ మెనూలో మెసా మోడ్ అనే షార్ట్‌కట్ ఉంటే దాంతో తెరవండి, నెమ్మదిగా కదులుతుంది గానీ నడుస్తుంది. అదీ కాకపోతే బ్రౌజర్‌లోనే తెరుచుకునే స్టెల్లేరియం వెబ్ ఉంది. ప్లగిన్లు ఉండవు, కానీ ఈ రాత్రికి మొదలుపెట్టడానికి అది చాలు.