వెర్ఖోవ్నా రాదా: 'సంతోషం' ఎక్కడినుంచి వచ్చింది?

ఉక్రెయిన్ పార్లమెంటు పేరు 'వెర్ఖోవ్నా రాదా'లోని 'రాదా'ని ట్రాన్స్‌లేటర్‌లో వేస్తే 'సంతోషం' అని వచ్చింది, ఎందుకని అడిగారు కదా. మీరు లాంగ్వేజ్ ఆటో డిటెక్ట్ పెట్టినట్టున్నారు, అది రష్యన్ అనుకుని ఉంటుంది, అందుకే మీకు 'సంతోషం' వచ్చింది. రష్యన్‌లో ఆడవాళ్లు 'సంతోషంగా ఉన్నా' అనడానికి రాదా అంటారు. పార్లమెంటు పేరులోది వేరే మాట.

1. ముందు ఉక్రేనియన్ సెలెక్ట్ చేయండి.

2. అందరూ మిస్సయ్యేది ఇదే: ఉక్రేనియన్‌లోనూ ఆ రెండు మాటలూ ఉన్నాయి, స్పెల్లింగ్ కూడా ఒకటే, కాబట్టి మొదటి మీనింగ్ దగ్గర ఆగకుండా కింద నామవాచకం అని ఉన్నది చూడాలి, అక్కడ 'సలహా, సభ' అని ఉంటుంది.

3. ఈ మాట అసలు స్లావిక్ కాదు, పాత జర్మన్ 'రాట్' నుంచి పోలిష్ మీదుగా వచ్చింది. జర్మనీలో టౌన్ హాల్‌ని రాట్‌హౌస్ అంటారే, అదే రాట్. పోలాండ్‌లో మంత్రిమండలి కూడా రాదానే.

వెర్ఖోవ్నా అంటే అత్యున్నత. రష్యన్ 'సోవియట్' కూడా సేమ్, సలహా అనీ సభ అనీ రెండూ.

మన పేపర్లు 'రాడా' అని రాస్తాయి గానీ పలికేది 'ద'నే, మన 'ఆమె రాదా?'లో లాగా 😄