సైటు అప్పగించాక ఎవరు చూసుకుంటారు?

ప్రశ్న: మాది విజయనగరం. నా వయసు 34. మావారు విశాఖలో ఉద్యోగం మానేసి 2020 లాక్‌డౌన్ తర్వాత గంటస్తంభం దగ్గర మేడ మీద గది తీసుకుని వెబ్‌సైట్లు చేసే స్టూడియో పెట్టారు. కంప్యూటర్లకి మా అమ్మ బంగారం బ్యాంకులో పెట్టి రెండు లక్షలు ఇచ్చింది. ఏడాది తర్వాత మా తమ్ముడు చేరాడు. మా ఇంట్లోనే ఉంటాడు. నేను లెక్కలు, ఫోన్లు చూస్తాను. ఇప్పటికి 38 సైట్లు చేశాం. ఒక్కోదానికి 12 నుంచి 18 వేలు ఒకసారి తీసుకుంటాం, తర్వాత ఏమీ అడగం. మావారు అన్నీ వర్డ్‌ప్రెస్ అనే ఉచిత ప్రోగ్రాములోనే చేయాలంటారు. తమ్ముడు విక్స్, షాపిఫై లాంటి నెల అద్దె సేవలకి మారిపోదామంటాడు. దసరా ముందు పలాస జీడిపప్పు వ్యాపారి సైటు హ్యాక్ అయింది. తెరిస్తే జూదం పేజీలు వచ్చేవి. తమ్ముడు మూడు రాత్రులు కూర్చుని బాగుచేశాడు. ఆ వ్యాపారి వచ్చి కేకలేస్తుంటే తమ్ముడు, "నేను ముందే చెప్పానండి, బావే వినలేదు" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు, "అక్క ఇంట్లో తిని, అక్క ఇంట్లో పడుకుని నాకు నీతులేటి?" అన్నారు. నెల దాటింది, మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని ఇద్దరూ నా చేత కబుర్లు పంపుతారు. తమ్ముడికి విశాఖలో 32 వేల ఉద్యోగం వచ్చింది. ఇక్కడ మేము 12 వేలు ఇస్తాం, కొన్ని నెలలు అదీ ఉండదు. తమ్ముణ్ణి వెళ్ళిపొమ్మని చెప్పనా, మావారిని ఒప్పుకోమని చెప్పనా? ఎటు చెప్పినా ఒకరికి దూరమవుతాను.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి వెబ్‌సైట్ల గొడవగా కనిపించింది. రెండోసారి చదివినప్పుడు ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి మీ తమ్ముడు బేరగాడి ముందు అన్నది, రెండోది మీవారు కంచం ముందు అన్నది. మీరు వాటిని మధ్యలో గబగబా రాసి దాటిపోయారు. మీ ఇంట్లో నెల నుంచి ఉన్న మౌనమంతా ఆ రెండు మాటలదే.

ముందు నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. 1980ల్లో మా నాన్నగారు, బాబాయి శ్రీకాకుళంలో ప్రెస్సు నడిపారు. అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ మీద అచ్చు వేసేవారు. బాబాయి కాలితో తొక్కక్కర్లేని ఆఫ్‌సెట్ మిషన్ కొందామన్నాడు. నాన్నగారు అప్పు వద్దన్నారు. రెండేళ్ళు అదే వాదన, చివరికి విడిపోయారు. మేమంతా మిషన్ దగ్గర పడలేదనే అనుకున్నాం. చాలా ఏళ్ళకి పిన్ని చెప్పింది. పెళ్ళిళ్ళ రోజుల్లో శుభలేఖల కోసం తెల్లవార్లూ తొక్కింది బాబాయి, పగలు గల్లాపెట్టె దగ్గర కూర్చుంది నాన్నగారు. ఆఫ్‌సెట్ వస్తే కాలినొప్పి తగ్గుతుందని బాబాయి ఆశ. ఆ సంగతి బాబాయి చెప్పలేదు, నాన్నగారు అడగలేదు. మా నాయనమ్మ పోయిన రోజు వరకూ ఇద్దరూ ఒక పంక్తిలో కూర్చోలేదు. అందుకే మీ ఉత్తరం నన్ను ఇంత పట్టుకుంది.

మీ తమ్ముడు విక్స్, షాపిఫై అన్నప్పుడల్లా నాకు వినిపిస్తున్నది ఇది: "రాత్రి ఫోన్లు నావల్ల కాదు." మీవారు వర్డ్‌ప్రెస్ అన్నప్పుడల్లా వినిపిస్తున్నది ఇది: "నేను నేర్చుకుని, నీకు నేర్పి, దీనితోనే ఇల్లు నిలబెట్టాను." ఇద్దరిదీ నిజమే.

పని సంగతికి వస్తాను. దాన్ని పక్కకు నెట్టి ప్రేమగా ఉండండి అని చెప్పడం మీకు అక్కరకు రాదు. ఈ పని చేసేవాళ్ళని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను.

వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి. ప్రోగ్రాముకి డబ్బు కట్టక్కర్లేదు, ఒక హోస్టింగ్ (సైటుని ఉంచే అద్దె చోటు) నచ్చకపోతే సైటంతా ఇంకోచోటికి మార్చుకోవచ్చు. మీవారు దాన్ని వదలననడంలో తెలివి ఉంది. కాని దాన్ని ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఆ సైట్లు ఎక్కువగా పడిపోయేది అసలు ప్రోగ్రాములో లోపం వల్ల కాదు, దానికి అదనంగా తగిలించే ప్లగిన్లూ, రూపం ఇచ్చే థీములూ పాతబడటం వల్ల. జీడిపప్పు సైటుకీ అదే జరిగి ఉండవచ్చు. నెలకోసారి అప్‌డేట్ చేసి, బ్యాకప్ వేరేచోట దాచి ఉంటే మూడు రాత్రుల పని మూడు గంటల్లో తేలేది. అప్‌డేట్ ఎవరు చెయ్యాలన్నది ఎక్కడా రాసుకోలేదు కాబట్టి తప్పు బావదీ కాదు, బావమరిదిదీ కాదు.

షాపిఫై తీసుకుంటే సర్వరు, భద్రత, అప్‌డేట్లు వాళ్ళే చూసుకుంటారు. రాత్రి నిద్ర మిగులుతుంది. బదులుగా నెలనెలా అద్దె కట్టాలి. వాళ్ళ సొంత చెల్లింపుల సదుపాయం మన దేశంలో లేదు కాబట్టి రేజర్‌పే లాంటి గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) తగిలించుకోవాలి. గేట్‌వే కమిషను పోను షాపిఫైకి కూడా ప్రతి అమ్మకం మీదా రుసుము పోతుంది. మానేయాలనుకుంటే సరుకుల పట్టిక దింపుకోవచ్చు గాని, చేసిన డిజైను ఇంకోచోట పనిచేయదు. విక్స్‌లో అయితే కట్టిన సైటుని ఎత్తి వేరే హోస్టింగ్‌లో పెట్టడమే కుదరదు, మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. ఈ సంగతి బేరగాడికి ముందే చెప్పకుండా అందులో పెట్టడం అన్యాయం. మీ తమ్ముడు ఈ ముక్క ఆలోచించాడో లేదో అడగండి.

ఏది గొప్పదని తేల్చాలనుకుంటే తేలదు. ఒక్కో సైటు దగ్గర అడగాల్సింది వేరు: అప్పగించాక దీన్ని ఎవరు చూసుకుంటారు? బొబ్బిలిలో ఒక స్కూలు అనుకోండి. ఫలితాలు, నోటీసులు వారం వారం పెట్టడానికి అక్కడ ఒక కంప్యూటర్ మాస్టారు ఉంటారు. వర్డ్‌ప్రెస్ కట్టి, ఆయనకి ఒక పూట నేర్పి రండి. (ఆ నోటీసులు ఫొటో తీసి పెట్టవద్దని, తెలుగులో టైపు చేయమని చెప్పండి. ఫొటోలో ఉన్న తెలుగు వెతికినవాళ్ళకి సరిగా దొరకదు. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ పేరుతో ఒకటి, గిడుగు పేరుతో ఒకటి ఉచితంగా ఉన్నాయి. మీ ఊళ్ళో కూర్చుని చేసే తెలుగు సైటుకి అవి వాడితే నాకు సంతోషంగా ఉంటుంది.) పలాస వ్యాపారికి సీజనులో ఆర్డర్లే ప్రాణం, వెనక సాంకేతికం చూసే మనిషి లేడు. ఆయన నెల అద్దె భరించగలిగితే మీ తమ్ముడు చెప్పినదే సరి. పొందూరులో ఖద్దరు అమ్మే చిన్న కొట్టుకి నాలుగు పేజీలు చాలు, తరచుగా మార్చేదీ ఉండదు. ఇక ఊళ్ళో కల్యాణమండపానికి అసలు సైటు కావాలా? గూగుల్ మ్యాప్‌లో సరైన చిరునామా, మంచి ఫొటోలు, వాట్సాప్ బిజినెస్ నంబరు చాలంటే, ఆ మాటే చెప్పి ఆ పనికి తగ్గ డబ్బే తీసుకోండి. పది మందిని తెచ్చేది ఆ నమ్మకమే.

ఇప్పుడు డబ్బు. నా మనసుకి ఎక్కువ కష్టం కలిగించింది మీరు రాసిన ఆ వాక్యం, "తర్వాత ఏమీ అడగం" అన్నది. ఇంట్లో నీళ్ళ మిషన్‌కి, ఇన్వర్టర్‌కి జనం ఏఎంసీ (నిర్వహణ రుసుము) కడతారు. 38 సైట్లని మీ ఇల్లు ఊరికే మోస్తోంది. ఆ భారం మీ తమ్ముడి నిద్రలోంచి, మీ సాయంత్రాల్లోంచి పోతోంది. నెలకి 500 చొప్పున ఏఎంసీ పెట్టండి. అప్‌డేట్లు, బ్యాకప్, చిన్న మార్పులు రెండు అందులోకి వస్తాయి. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ ఎత్తరు. 38 మందిలో 24 మంది ఒప్పుకున్నా నెలకి 12,000 వస్తుంది. మీ తమ్ముడికి మీరు కొన్ని నెలలు ఇవ్వలేకపోతున్న జీతం సరిగ్గా అంతే. ఒప్పుకోనివాళ్ళకి వాళ్ళ సైటు బ్యాకప్ ఇచ్చి, డొమైన్ (సైటు చిరునామా పేరు) వాళ్ళ పేరు మీదకి మార్చి, మర్యాదగా అప్పగించండి. డొమైన్లన్నీ మీవారి పేరు మీద, మీవారి కార్డు మీద ఉన్నాయేమో చూడండి. ఉంటే ఇప్పుడే విడదీయండి. రేపు కార్డు మారి ఒక పేరు గడువు దాటితే అదింకో దసరా గొడవ.

మీ తమ్ముడు ఆ కొట్టులో ఎవరు? ఉద్యోగా, భాగస్తుడా, ఇంటి కుర్రాడా? మీ ఉత్తరంలో మూడూ కనిపించాయి. జీతం అడిగితే ఇంటి కుర్రాడు, రాత్రి పనికి ఉద్యోగి, తప్పు జరిగితే భాగస్తుడు. ఏ మగపిల్లాడూ 12 వేలకి కాదు, ఈ తికమకకే విసుగెత్తుతాడు. మన దేశంలో భాగస్వామ్య చట్టం 1932 నాటిది. వేరే ఒప్పందం లేకపోతే భాగస్తులకి లాభనష్టాలు సమానం, పని చేసినందుకు విడిగా జీతం అడిగే హక్కు ఉండదు. అంటే భాగస్తుడని నోటితో అని ఊరుకుంటే ఇద్దరికీ ఇరకాటమే. ఉద్యోగి అనుకుంటే నెల మొదటి తేదీకి జీతం, వారానికి ఒక సెలవు. భాగస్తుడనుకుంటే ఎవరి వాటా ఎంత, ఎవరి పని ఏది అన్నది స్టాంపు కాగితం మీద రాసుకుని రిజిస్టర్ చేయించండి. రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ బాకీ కోసం బయటివాళ్ళ మీద కోర్టుకు వెళ్ళలేదు.

ఆ కాగితంలో మొదటి వరుస మీ అమ్మగారి రెండు లక్షలది కావాలి. ఆవిడ ఇచ్చింది కూతురికా, అల్లుడికా, కొడుకు భవిష్యత్తుకా? బ్యాంకు వడ్డీ ఇప్పుడు ఎవరు కడుతున్నారు? మీరు రాయలేదు, అందుకే ఆవిడే కడుతున్నారని నా అనుమానం. మీవారు అన్న "అక్క ఇంట్లో తిని" మాట మీ తమ్ముడికి అంత లోతుగా దిగడానికి కారణం ఈ బంగారమే. ఆ కంప్యూటర్లు తన కన్నతల్లి మెడలోంచి వచ్చాయని అతనికి తెలుసు. పెద్ద మొత్తం ఒక్కసారి వద్దు. వచ్చే నెల నుంచి వడ్డీ కొట్టు ఖాతాలోంచి కట్టడం మొదలుపెట్టండి. మీ తమ్ముడితో ఏమీ చెప్పక్కర్లేదు, అమ్మ చెబుతుంది.

మీవారి నొప్పి కూడా చిన్నది కాదు. తను పని నేర్పిన కుర్రాడు బేరగాడి ముందు తనని ఒప్పగించేశాడు. ఇంత చిన్న ఊళ్ళో, ఎవరి ద్వారానో ఇంకొకరు పని తెచ్చే చోట, ఆ మాట పలాస నుంచి విజయనగరం దాకా వస్తుందని ఆయన భయం. తమ్ముడితో ఒంటరిగా ఉన్నప్పుడు, అక్కగా, ఈ ఒక్కటి చెప్పండి: "నువ్వు చెప్పింది సరే కావచ్చు నాన్నా, చెప్పిన చోటు తప్పు." మీవారితో, మీరిద్దరే ఉన్నప్పుడు: "మన ఇంట్లో తిన్న అన్నాన్ని మళ్ళీ ఎత్తి చూపొద్దు. అది వాడికి కాదు, నాకు తగిలింది." మీకు తగిలింది కదా, అది ఉత్తరంలో రాయలేదు గాని. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి క్షమాపణలు చెప్పించే ప్రయత్నం మాత్రం చేయకండి. బావా బావమరుదుల మధ్య అది కుదరదు, ఇంకా బిగుసుకుంటారు. వాళ్ళకి ఒక పని ఇవ్వండి. 38 పేర్ల పట్టిక మీరే రాసి బల్ల మీద పెట్టండి. ఏది ఎవరు చూస్తారు, ఏది మార్చాలి, ఏది వదిలేయాలి అని ఇద్దరూ కలిసి గుర్తు పెట్టాలి. పేరు పేరుకీ మాట్లాడక తప్పదు.

విశాఖ ఉద్యోగం సంగతి. వెళ్ళమని మీరు చెప్పకండి, ఉండమనీ చెప్పకండి. 32 వేలు చిన్న మొత్తం కాదు, అతని వయసులో బయటి పని చూడటం మంచిదే. ఈ కాగితాలన్నీ తేలాక అతనే చెబుతాడు. వెళ్తే, కోపంతో కాకుండా, బాకీ జీతం లెక్క చూసి, ఇంట్లో అన్నం పెట్టి పంపండి. వారాంతాల్లో నాలుగు సైట్ల ఏఎంసీ అక్కడినుంచే చూడగలడు. అతను వెళ్తే మీరు తమ్ముణ్ణి పోగొట్టుకున్నట్టు కాదు. విజయనగరం నుంచి విశాఖ గంటన్నర దారి.

చివరిది మీ గురించి. "నేను లెక్కలు, ఫోన్లు చూస్తాను" అని ఒక్క ముక్కలో రాశారు. నాలుగైదేళ్ళుగా 38 మంది బేరగాళ్ళ ఫోన్లు, బాకీల వసూళ్ళు, ఇప్పుడు ఇద్దరి మధ్య కబుర్లు కూడా. పట్టికలో మీ పేరు, మీ పని, మీ జీతం రాయండి, 5,000తో మొదలైనా సరే. కబుర్లు మోసే పనికి మాత్రం రాజీనామా ఇచ్చేయండి. రేపు కొట్టులో ఎవరైనా "మీ తమ్ముడితో చెప్పు", "బావతో చెప్పక్కా" అంటే, "పక్క కుర్చీలోనే ఉన్నారుగా, మీరే అడగండి" అని లెక్కల పుస్తకం తెరుచుకోండి. మొదటి రోజు ఇద్దరూ అడగరు. పని ఆగినా సరే, మీరు లేవకండి.