సంవళనాన్ని వడగట్టవచ్చా?

సందేహం: పైథాన్ ప్రోగ్రాముకు తెలుగులో వివరణ రాస్తూ ‘గాసియన్ వక్రతతో కన్వాల్వ్ చేయబడిన అసలు సిగ్నల్‌ను వడగట్టడం జరిగింది’ అన్నాను. ‘వడగట్టడం’ తప్పనీ, ‘విసంవళనం’ (డీకన్వల్యూషన్) అనాలనీ మిత్రుడంటాడు. ఏది సరి?

సమాధానం: వక్రత అంటే వంపుదనం. గాసియన్ గంట ఆకారపు గీత, గీతను ‘వక్రం’ అంటే చాలు. ఇక ‘చేయబడిన’, ‘జరిగింది’ రెండూ ఒకే వాక్యంలోనా! ‘రాబట్టాను’ అంటే ప్రోగ్రాము నడవనంటుందా?

విసంవళనం వ్యాకరణానికి లొంగుతుంది గాని నోటికి లొంగదు. సంవళనం, అంటే కన్వల్యూషన్, మంచి మాటే. ‘వల్’ ధాతువుకు తిరగడం, చుట్టుకోవడం అర్థాలు, వలయం అందులోదే. కానీ మనకు ‘పెన’ ఉంది, అంటే మెలిక. పెనచు, పెనగొను, పెనవేయు దాని సంతానమే. తమిళంలో పిణై, కన్నడంలో పకారం హకారమై హెణె. మల్లులు ఒకరినొకరు చుట్టుకుంటారు గనక ‘పెనఁగు’ పోరాటమైంది. ఇప్పుడు ‘పెనుగులాట’ అని రాసి, అదేదో పెద్ద ‘గులాట’ అనిపిస్తున్నారు.

వడపోతలో పిప్పి గుడ్డలో మిగులుతుంది. సంవళనంలో ప్రతి బిందువూ ఇరుగుపొరుగుల మీదికి పరుచుకుంటుంది, విడిగా మిగిలేదేమీ ఉండదు. రెండు గాసియన్లు పెనవేసుకుంటే సిగ్మాల (వెడల్పుల) వర్గాలు కూడతాయి: 3, 4 కలిస్తే 7 కాదు, 5. వెనక్కి రావాలంటే 25లోంచి 16 తీసి వర్గమూలం కట్టాలి. ఆకారం తెలియని సిగ్నల్‌కైతే ఫూరియే రూపంలో, అంటే ఆవృత్తులుగా విడదీశాక, భాగహారమే పెన విప్పడం. అసలు పెనఁగులాట అక్కడే. కెర్నెల్ (సిగ్నల్‌తో పెనవేసిన గాసియన్) సిగ్మా 4 శాంపిళ్లయితే, శాంపిల్‌కు 0.1 ఆవృత్తి దగ్గర దాని ఫూరియే విలువ 0.04, భాగిస్తే నాయిస్ 23 రెట్లవుతుంది. 0.2 దగ్గర మూడు లక్షల రెట్లు! అందుకే హారంలో చిన్న స్థిరాంకం కలిపే వీనర్ పద్ధతి. స్థిరాంకం పెంచితే నాయిస్ అణుగుతుంది, శిఖరాలూ మొద్దుబారతాయి.

పైథాన్ లైబ్రరీ సైపైలోని డీకన్వాల్వ్ ఫంక్షన్ జోలికి పోకండి. అది బహుపదుల భాగహారం, కెర్నెల్ మొదటి విలువతో భాగిస్తుంది. గాసియన్ తోక దాదాపు సున్నా గదా, జవాబు అదుపు తప్పుతుంది. మీరే ఫూరియే రూపంలో భాగిస్తే, కెర్నెల్ విలువల మొత్తం 1 ఉండాలి. దాని శిఖరాన్ని సున్నా స్థానానికి జరపకపోతే సిగ్నల్ పక్కకు జరిగి వస్తుంది. చివర సున్నాలు చేర్చకపోతే ఒక కొస రెండో కొసలోకి చుట్టుకుంటుంది.

మొదటిసారి ‘డీకన్వల్యూషన్’ అని రాసి, తర్వాత ‘పెన విప్పడం’ వాడి చూడండి. పాఠ్యగ్రంథానికి విసంవళనమన్నా నాకు పేచీ లేదు. వీనర్ పద్ధతిని అందరూ ఫిల్టరనే పిలుస్తున్నారు గనక, మీ ‘వడగట్టడాన్ని’ పూర్తిగా కొట్టెయ్యలేకపోతున్నాను.