ట్రెయిలర్ కప్పు ఫ్యాన్ చుట్టూ నీళ్లు కారుతుంటే

తప్పు ఫ్యాన్‌ది కాదండీ. మీ క్యాంపింగ్ ట్రెయిలర్ కప్పు మీది పాత వెంట్ (గాలి పోయే కిటికీ) తీసి, అదే 14 అంగుళాల రంధ్రంలో కొత్త ఫ్యాన్ దించి, చుట్టూ సిలికోన్ పూశానన్నారు. వాన పడగానే లోపల మూలలో తడి వస్తోందన్నారు. మీ ట్రెయిలర్ కప్పు ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరైతే సిలికోన్ దాన్ని గట్టిగా పట్టుకోదు. చూడ్డానికి అంటుకున్నట్టే ఉంటుంది, గోటితో లాగితే పట్టీలా ఊడొస్తుంది.

ఆ సిలికోనంతా ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకేయండి. పెట్రోలు, థిన్నరు మాత్రం తాకించొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఫ్లాంజి (ఫ్యాన్ చుట్టూ కప్పుకు ఆనే అంచు) విప్పాక రంధ్రం అంచున చెక్కను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగిపోతే ఆ ముక్క మార్చాల్సిందే, కుళ్లిన చెక్కలో స్క్రూ నిలవదు. ఈ పని దాటేయకండి, దయచేసి.

తర్వాత ఫ్లాంజి కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ), మూలల్లో సందు లేకుండా. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. టేపు అంచుల్లోంచి కాస్త పొంగి బయటికొస్తే బాగా కూర్చున్నట్టే. పైన డైకార్ బ్రాండు లాంటి సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్ (పూస్తే తనంతట తానే సమంగా పరుచుకునేది), అంచుతో పాటు ప్రతి స్క్రూ తలా మునిగేలా.

ఇక ఫ్యాన్ గాలిని బయటికి లాగకుండా లోపలికి తోస్తోందన్నారు కదా, అది ప్లస్ మైనస్ తారుమారవడం వల్ల కావచ్చు. ట్రెయిలర్ల 12 వోల్టుల వైరింగ్‌లో చాలాచోట్ల నలుపే ప్లస్, తెలుపు మైనస్. ఫ్యూజు తీసి వైర్లు విడదీసి, ఫ్యూజు మళ్లీ పెట్టి మీటరుతో ఏది ప్లస్సో చూసుకోండి. ఫ్యూజు మళ్లీ తీసాకే కలపండి.