ఊళ్లో బొమ్మలు, విగ్రహాలు పెడితే జనానికి ఏం ఒరుగుతుంది?

మీ పంచాయతీకి కొంత డబ్బొచ్చిందని, గోడలకు బొమ్మలు వేయించి సెంటర్లో ఒక విగ్రహం పెడదామంటున్నారని, పల్లెటూళ్లో వాటివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. కానీ బయటి నుంచి పెయింటర్ వచ్చి, రెండ్రోజుల్లో బొమ్మ వేసి బిల్లు తీసుకెళ్లిపోతే మాత్రం ఉండదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మాది విజయనగరం జిల్లా. మా ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద శిల్పం ఏదంటే నేను పైడితల్లి అమ్మవారి సిరిమాను అంటాను. పూజారిగారు చివర కూర్చుని ఊరేగే పొడవాటి మాను అది, ఏటా కొత్త చింతచెట్టుతో చేస్తారు. చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారిగారికి కలలో చెబుతుందని మా నమ్మకం. ఒక ఏడాది ఆ చెట్టు మా అమ్మగారి ఊళ్లో, మా పెద్దమావయ్య కళ్లం పక్కన దొరికింది. దాని చింతపండు మూడిళ్లకు ఏడాదంతా వచ్చేది. పూజారిగారి వెంట వచ్చినవాళ్లు ఇంకా గట్టు దిగకముందే కబురు ఊరంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు పసుపు నీళ్లు, కుంకుమ పట్టుకుని వచ్చేశారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం. చెట్టుకి బొట్టు పెట్టి, చీర కట్టి, దండం పెట్టుకుంటే గాని గొడ్డలి పడలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అంత పొడవైన మానుని రోడ్డు మీదకు తేవాలంటే మధ్యలో నలుగురి వరి చేలున్నాయి. దసరా ముందు రోజులు, చేలు పొట్ట మీదున్నాయి. ఎవరినీ అడగాల్సిన పనే రాలేదు. చేనివాళ్లే పారలు తెచ్చి గట్లు తెంపి దారి చేశారు. అదే ఊళ్లో రోడ్డు వెడల్పు చేయడానికి మూరెడు జాగా ఇమ్మంటే ఏళ్ల తరబడి పంచాయితీ తేలలేదు! మా అమ్మమ్మని అడిగాను, అంత కాపు కాసే చెట్టు పోతోంది, బాధ లేదా అని. "అమ్మోరు అడిగినాది, ఇచ్చినాం. ఇందుల లెక్కేటుంటాది?" అంది.

మాను విజయనగరంలోని హుకుంపేట చేరింది. అక్కడ వడ్రంగులు దాన్ని చెక్కి తీర్చారు. ఇరుసుకి వేరే చెట్టు, దాన్ని ఇరుసుమాను అంటాం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సంబరం. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మాను చివర అంత ఎత్తున పూజారిగారు కూర్చుంటారు, కింది నుంచి జనం అరటిపళ్లు విసురుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. మా మావయ్య ఏనుగునీ చూడలేదు, రథాన్నీ చూడలేదు. మాను మొదట్లో చెక్కినా పోని ఒక బుడిపె ఉంటే దాన్నే చూస్తూ, పక్కనున్న తెలియని మనిషిని పిలిచి "మా కళ్లం కాడ చెట్టు బాబూ" అని చెప్పాడు. ఆ మనిషి మావయ్య చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

ఊళ్లో కళ చేయాల్సిన పని ఇదే. బెస్తవాళ్లు వల తేకపోతే, వడ్రంగులు ఉలి పట్టకపోతే, రైతు చెట్టు ఇవ్వకపోతే సిరిమాను లేదు. సంబరానికి ముందురోజు జరిగే తొలేళ్ల ఉత్సవంలో రైతులకు విత్తనాలు పంచుతారు, అవి ఇంటికి తీసుకెళ్లి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. అంటే పొలం దాకా తాడు తెగకుండా ఉంటుంది. పేరు చెక్కించుకోవడం లేదు, రిబ్బన్ కటింగ్ లేదు.

ఇక ఇప్పటి గోడల సంగతి. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పూస్తే 2020లో హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టు కూడా అదే మాట నిలబెట్టింది. ఆ పూయడానికీ చెరపడానికీ అయిన ఖర్చంతా జనానిదే. ఎన్నికలొస్తే సెంటర్లో నాయకుల విగ్రహాలకు గుడ్డలు చుట్టేస్తారు. చెట్టుకి చీర కట్టేది గౌరవంతో, విగ్రహానికి గుడ్డ చుట్టేది రూలు కోసం. నాకు కడుపు మండే విషయం ఇంకోటుంది. సీతంపేట వైపు సవర గిరిజనులు బియ్యప్పిండితో ఇంటి గోడ మీద వేసే బొమ్మలు ఊరికే అందానికి వేసేవి కావు. పెద్దలను తలుచుకునీ, దేవతలకు మొక్కుకునీ వేస్తారు. వాటిని చూసి ప్లాస్టిక్ పెయింట్‌తో కాంపౌండు గోడ మీద దించేసి గిరిజన కళను కాపాడాం అనుకుంటే నేను ఒప్పుకోను. వేయాలంటే సవరలనే పిలవండి. ఏది వేయాలో, ఏది వేయకూడదో వాళ్లనే చెప్పనివ్వండి, కూలి సరిగ్గా ఇవ్వండి.

మీ ఊరి డబ్బు విషయానికొస్తే, విగ్రహం ఆలోచన ఇప్పుడే మానేయండి. మీ గ్రామదేవత పండక్కి ఏ ఇంటివాళ్లు ఏ పని చేసేవారో ముసలివాళ్లను కూర్చోబెట్టి రాసుకోండి. తప్పెటగుళ్లు, అంటే గుండె మీద కట్టుకున్న వాయిద్యం వాయిస్తూ ఆడే ఆట, ఆడేవాళ్లు మిగిలుంటే వాళ్లకు ఆ వాయిద్యాలు, గజ్జెలు కొనివ్వండి, నేర్చుకునే పిల్లలకు సాయంత్రాలు స్కూలు వరండా తెరిపించండి. ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు గోడ సంగతి ఆలోచించండి. ఏ బొమ్మ వేయాలన్నది మాత్రం గ్రామసభలో పెట్టండి, ఆడవాళ్లు కూడా వచ్చే వేళకి.