ఇంకు వెయ్యకముందు చూసుకోవలసినవి

చిరంజీవి అమ్మాయికి,

రోగనిరోధక శక్తి మీద నువ్వు గీసిన కామిక్ పేజీలు చూశాను. గీత బాగుంది, ఆ విషయంలో నీకు నా సలహా అక్కర్లేదు. నాకు పేచీ రెండో పేజీతోనే. ఎర్ర రక్తకణం పక్కన ఫ్లూ వైరస్‌ను దాదాపు దానంత గీశావు. ఎర్రకణం వెడల్పు సుమారు 7.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు), వైరస్‌ది 0.1. కణాన్ని 15 సెంటీమీటర్ల వెడల్పున గీస్తే వైరస్ 2 మిల్లీమీటర్ల చుక్క. కథ కోసం పెంచి గియ్యి, కాదనను. కానీ ఒక్క గడిలోనైనా ఆ చుక్కని చూపించి, తర్వాత దగ్గరికి తీసుకెళ్లు.

వైరస్‌కి మీసాలెందుకు, పగెందుకు? దానికి ఎవరి మీదా కోపం లేదు కదా. జే హాస్లర్ స్వయంగా జీవశాస్త్రవేత్త, తేనెటీగల మీద కామిక్ చేశాడు. ఆయన ఈగలు కబుర్లు చెబుతాయి, జోకులేస్తాయి. చేసే పనులు మాత్రం నిజం తేనెటీగలవే. మాటలు మనవి పెట్టొచ్చు, నడవడి దానిదే ఉండాలి.

అసలు పాత్రలే అక్కర్లేని చోట్లూ ఉంటాయి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగాక జనం రేడియేషన్ అంటే హడలిపోతుంటే, ఫిజిక్స్ చదివిన కార్టూనిస్టు రాండాల్ మన్రో ఒక చార్టు గీశాడు. అన్నీ చిన్న చిన్న రంగు గళ్లే. ఒంటికి తగిలే రేడియేషన్‌ని మైక్రోసీవర్ట్‌లలో కొలుస్తారు; ఒక అరటిపండు తింటే 0.1 మైక్రోసీవర్ట్, ఛాతీ ఎక్స్‌రేకి 20. గళ్లు పక్కపక్కన చూస్తే చాలు, ఏది ఎంతో తెలిసిపోతుంది. నీ యాంటీబాడీల పేజీకి అలాంటిదే సరిపోతుందేమో ఆలోచించు.

పెన్సిల్ స్కెచ్‌లు ఉన్నప్పుడే ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లకి చూపించు. ఇంకు వేశాక తప్పు చెబితే మనకే దిద్దబుద్ధి కాదు. సబ్జెక్టు తెలియనివాళ్లకీ ఇవ్వు, అయితే "అర్థమైందా?" అని అడగకు, మొహమాటానికి అందరూ అవుననే అంటారు. పేజీ మూసి కథ చెప్పమను. ఎక్కడ తడబడితే అక్కడ గడి మార్చాలి.

మాటలు ముందు రాసుకుని, వాటి చుట్టూ ఉండే బెలూన్ తర్వాత గియ్యి. మన వత్తులు, గుడులు కింద పైన చోటు తినేస్తాయి, లేకపోతే ఇరుకైపోతుంది.

శాస్త్రవేత్తతో కలిసి చేస్తుంటే ఎన్నిసార్లు దిద్దాలో, డబ్బెంతో, కవర్ మీద ఎవరి పేరు ఎక్కడో మొదటే కాగితం మీద పెట్టుకోండి. స్నేహం ఉంది కదా అని వదిలెయ్యకు.

ఆ రెండో పేజీ మళ్లీ గీశాక పంపు, పెన్సిల్‌తోనే.

ఆశీస్సులతో,
మామయ్య